హెలికాప్టర్ ఎందుకర్రా, దింపు మావయ్య ఉండగా?

శ్రీకాకుళం

చిరంజీవులైన పిల్లలందరికీ మామ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ కథల కట్ట అందింది. అన్నీ చదివాను. అచ్చుతప్పులు ఎర్రసిరాతో దిద్ది పక్కన పెట్టాను, వాటి గొడవ సెలవులకి వచ్చినప్పుడు చూసుకుందాం. ఈ ఉత్తరం ఒక్క విషయం గురించే.

హీరోని పీకల్లోతు కష్టంలోకి దింపడం మీ అందరికీ బాగానే వచ్చింది. బయటికి లాగాల్సి వచ్చేసరికి ఎక్కడలేని టెన్షన్ పట్టుకున్నట్టుంది. ఒకరు పోలీసు జీపు తెప్పించారు, ఒకరు అమెరికా బాబాయిని దింపారు, మా చిన్నోడు సాక్షాత్తూ దేవుణ్ణే పిలిచాడు. పెద్దదాని కథలో ఏకంగా హెలికాప్టర్ వచ్చింది.

పెద్దదాని కథే తీసుకుంటాను, అన్నిట్లోకీ అదే బాగుంది కాబట్టి. తిత్లీ తుఫాను రాత్రి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటేటప్పటికి మీరంతా మరీ చిన్న గుంటలు. మన జిల్లా తీరంలోని ఉద్దానంలో కొబ్బరి తోటలూ జీడి తోటలూ ఎలా నేలకొరిగాయో ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. కథలో కొబ్బరిచెట్టు ఇంటి మీద పడింది, తాత లోపల చిక్కుకుపోయాడు, మనవడు ఒక్కడే బయట. కరెంటు లేదు. పిలిస్తే తన గొంతు తనకే వినపడనంత గాలి. అక్కడిదాకా గుక్క తిప్పుకోకుండా చదివాను. అంతలో హెలికాప్టర్ దిగింది. అంత గాలిలో అది ఎలా ఎగిరిందే తల్లీ?

సరే, ఎగిరిందనుకుందాం. నా బాధ అది కాదు. నీ మొదటి పేజీ మళ్ళీ తీసి చూడు. అందులో దింపు తీసే మావయ్య ఉన్నాడు. మోకు భుజాన వేసుకుని వచ్చాడు, చెట్టెక్కి కాయలు దించాడు, కుర్రాడికి బొండాం కొట్టిచ్చాడు. "ఈ చెట్టు మొదలు పుచ్చిపోయింది బావా, గట్టి గాలొస్తే ఇంటి మీదకే వస్తాది" అని తాతతో అన్నాడు కూడా. ఆ తర్వాత ఇక కథలో కనిపించడు. ఆయన దగ్గర కత్తి ఉంది, మోకు ఉంది, ఏ చెట్టు ఎటు ఒరుగుతుందో చెప్పగల అనుభవం ఉంది. ఉండేది రెండిళ్ళ అవతల. ఆయన్ని వదిలేసి ఎక్కడో ఉన్న హెలికాప్టర్‌ని పిలిచావు!

పాతకాలం కథలు చెప్పేవాళ్ళు ఇలా చెయ్యరు. పేదరాశి పెద్దమ్మనే చూడండి. దారి తప్పిన రాకుమారుడు పొద్దుగూకే వేళకి తెలియని ఊరు చేరతాడు. ఊరి చివర పెద్దమ్మ ఇల్లు. కాళ్ళకి నీళ్ళిచ్చి, ఉన్నదేదో వండి విస్తరి వేస్తుంది. అతను అన్నం కలుపుకుంటూ ఉండగా కళ్ళు ఒత్తుకుంటుంది. ఏమైంది పెద్దమ్మా అంటే అప్పుడు చెబుతుంది: ఈ ఊరిని రాక్షసి పట్టి పీడిస్తోంది నాయనా, రోజుకొక ఇంటి నుంచి ఒకరు వెళ్ళాలి, రేపు మా ఇంటి వంతు. లేదా రాజుగారి కూతురికి ఫలానా శాపం ఉందనీ, దాన్ని పోగొట్టినవాడికి అర్ధరాజ్యం ఇస్తామని చాటింపు వేశారనీ చెబుతుంది.

ఊరి గుట్టంతా ఆవిడకే ఎందుకు తెలియాలి? ఆవిడ పని అలాంటిది మరి. చాలా కథల్లో ఆవిడది పూటకూళ్ళ ఇల్లు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అక్కడే తింటారు, తింటూ కబుర్లు చెప్పుకుంటారు. కొన్ని కథల్లో పూలదండలు కట్టి అంతఃపురానికి ఇచ్చి వస్తుంది. అంటే కాపలావాళ్ళు ఆపని మనిషి ఆవిడ ఒక్కర్తే అన్నమాట. రాకుమారుడి ఉంగరం దండలో పెట్టి పంపాలంటే ఇంకెవరివల్ల అవుతుంది? సాయం చేసే శక్తి ఆవిడకి పొట్టపోసుకునే పనిలోంచే వచ్చింది, వరాల వల్ల కాదు. అందుకే ఎన్ని కథల్లో వచ్చినా మనం విసుక్కోం. ఇంకోటి గమనించారా? పెద్దమ్మ కత్తి పట్టదు. అన్నం పెట్టి, కబురు చెప్పి, తలుపు దగ్గర నిలబడిపోతుంది. రాక్షసి సంగతి కుర్రాడే చూసుకోవాలి.

భారతంలో లక్కయిల్లు కథ మీకు తెలుసు. భీముడు అందర్నీ మోసుకుని పరిగెత్తడం మీకు నచ్చుతుంది. నాకు మాత్రం అంతకు ముందు జరిగినదే ఇష్టం. పాండవులు వారణావతానికి బయల్దేరుతుంటే విదురుడు ధర్మరాజుతో నలుగురిలోనూ, మిగతావాళ్ళకి అంతుపట్టకుండా, మర్మంగా రెండు ముక్కలు చెబుతాడు. పక్కనే ఉన్న కుంతికే అర్థం కాక, ఏమన్నాడని తర్వాత కొడుకుని అడుగుతుంది. తర్వాత విదురుడు ఒక మనిషిని పంపుతాడు. ఆయనకి పేరు లేదు. ఖనకుడు అంటారు, అంటే తవ్వేవాడు. ఇంటి నడిమధ్య సొరంగం తవ్వి, పైన పలకలు పరిచి, నేలకి సమంగా కప్పేస్తాడు. ఇల్లు తగలబెట్టడానికి వచ్చిన పురోచనుడు అదే ఇంటి గుమ్మం దగ్గర కాపురం ఉన్నాడు మరి, కంటపడితే కొంప మునుగుతుంది. పాండవులు పగలు వేట పేరుతో అడవి దారులన్నీ చూసి పెట్టుకునేవారు, రాత్రిళ్ళు ఆ గోతిలో ఆయుధాలు పక్కన పెట్టుకుని పడుకునేవారు. ఒక రోజా రెండు రోజులా, ఏడాది గడిచింది అలాగే. నిప్పు పెట్టింది కూడా భీముడే. గంగ ఒడ్డుకి చేరేసరికి విదురుడి మనిషి పడవతో సిద్ధంగా ఉన్నాడు.

విదురుడికి కబురు తెలుసు, ఖనకుడికి పని తెలుసు, పడవవాడికి నది తెలుసు. ముగ్గురిలో ఏ ఒక్కరూ పూర్తిగా కాపాడలేరు. ఆ ఏడాదిపాటు భయాన్ని దిగమింగుకోవడం పాండవుల వంతే. (ఆ రాత్రి ఆ ఇంట్లో ఒక బోయ స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు తిని తాగి పడుకుని కాలిపోయారు. వాళ్ళకి విదురుడు ఎవరూ లేరు. కథ చెప్పేవాళ్ళు అక్కడ తొందరగా దాటేస్తారు. మీరు మాత్రం ఆ చోట ఆగండి, కొత్త కథ దొరకొచ్చు.)

ఇక చిన్నోడా, నీ దేవుడి సంగతి. దేవుడు రాకూడదని ఎవరన్నారు? పోతన గారి గజేంద్ర మోక్షంలో వచ్చాడు కదా. ఎలా వచ్చాడో చూశావా? లక్ష్మీదేవికి చెప్పలేదు, శంఖచక్రాలు చేతికి తీసుకోలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చెయ్యమనలేదు. చేతిలో ఉన్న ఆవిడ కొంగు వదలాలని కూడా తోచలేదు. సాయం చేసేవాడి కంగారు కళ్ళకి కట్టింది కాబట్టే ఆ పద్యం మీ ముత్తాత దగ్గర్నుంచి అందరి నోళ్ళలోనూ నానింది. అంతకు ముందు ఏనుగు మొసలితో వెయ్యేళ్ళు పెనుగులాడింది. ఆడ ఏనుగులూ, మందా ఒడ్డున నిలబడి ఏమీ చెయ్యలేకపోయాయి. ఒంట్లో శక్తంతా అయిపోయాకే మొర పెట్టుకుంది. నీ కథలో కుర్రాడు సైకిల్ టైరు పంక్చరవగానే దేవుణ్ణి పిలిచాడు, ఆయనా వచ్చేశాడు. దేవుడికైనా కాస్త పరువుండాలి కదరా.

సాయమంటే బలమే ఇవ్వక్కర్లేదు, ఒక మాట చాలు. సముద్రపు ఒడ్డున వానరులు కూర్చుని, నూరు ఆమడల నీళ్ళు ఎవరు దాటతారని తర్జనభర్జన పడతారు చూడండి, అక్కడ నాకు ప్రతిసారీ నవ్వొస్తుంది. ఒకడు పది ఆమడలంటాడు, ఒకడు ఇరవై అంటాడు. ముసలి జాంబవంతుడు తొంభై అంటాడు. అంగదుడు వెళ్ళగలను గాని తిరిగి రాగలనో లేదో అంటాడు. హనుమంతుడు ఓ పక్కన నోరు మెదపకుండా కూర్చుని ఉంటాడు. జాంబవంతుడు అతని దగ్గరికి వెళ్ళి నువ్వెవరివో తెలుసా అని మొదలుపెడతాడు. అంతే, తర్వాత సుందరకాండ. యుద్ధంలో అదే జాంబవంతుడు ఒళ్ళంతా బాణాలతో పడి ఉన్నప్పుడు విభీషణుడు వెతుక్కుంటూ వస్తే, చూపానక గొంతుని బట్టి గుర్తుపట్టి, హనుమంతుడు బతికే ఉన్నాడా అని అడుగుతాడు. రాముణ్ణి అడగకుండా హనుమంతుణ్ణి అడుగుతావేమిటని విభీషణుడు ఆశ్చర్యపోతే, వాడు బతికుంటే మనమంతా చచ్చినా బతికినట్టే అంటాడు. ఓషధుల కోసం పంపేదీ ఆయనే. మీ కథల్లో ఇలాంటి తాత ఒక్కరూ లేరు. మీ తాతలందరూ మంచంలో దగ్గడానికే పనికొస్తున్నారు!

సాయం చేయబోయి ఓడిపోయినవాళ్ళూ కావాలి. జటాయువు సీతమ్మని విడిపించలేకపోయాడు, రెక్కలు పోగొట్టుకున్నాడు. కానీ రాముడు వచ్చేదాకా ప్రాణం నిలుపుకుని, రావణుడు దక్షిణం వైపు తీసుకుపోయాడని చెప్పి మరీ పోయాడు. ఆ తర్వాత అన్నదమ్ములకి దారి చెప్పింది ఎవరో తెలుసా? కబంధుడు. పొట్ట మీద నోరు, ఆమడ పొడవు చేతులు ఉన్న రాక్షసుడు, వీళ్ళనే తినబోయాడు. చేతులు నరికి, ఒళ్ళు దహనం చేశాక శాపం తీరి, ఋష్యమూకానికి వెళ్ళి సుగ్రీవుడితో స్నేహం చెయ్యమని చెప్పాడు. శత్రువు సాయం చెయ్యొచ్చా అని అడిగావు కదే రెండోదానా, అదీ జవాబు.

మన విజయనగరం మాట లేకుండా ఉత్తరం ముగిస్తే గురజాడ వారు ఊరుకోరు. ఆయన కన్యాశుల్కం నాటకం 1892లో మొదటిసారి అక్కడే ఆడారు, తర్వాత ఆయన బాగా పెంచి తిరగరాసింది 1909లో అచ్చయింది. పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి డబ్బు తీసుకుని ఇవ్వబోతుంటే, మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి ఆ ముసలాయనకి పెళ్ళి చేయిస్తాడు. శాస్త్రి నాటకాల్లో విదూషకుడు, వేషాలు కట్టించడం ఆయన వృత్తే. శిష్యుడు మీ ఈడు కుర్రాడు. ఇదే ఎత్తు మాయాబజార్ సినిమాలో, 1957లో, ఘటోత్కచుడు వేశాడు, శశిరేఖ వేషంలో పెళ్ళిపీటల మీద కూర్చుని పెళ్ళికొడుకు కాలు తొక్కేశాడు. దొంగ పెళ్ళికూతురంటే మనవాళ్ళకి ఎందుకంత సరదాయో!

కానీ కన్యాశుల్కంలో అసలు ఆదుకున్నది మధురవాణి అనే వేశ్య. ఊరి పెద్దమనుషులు చాటున తన గుమ్మం తొక్కి, బయట తనని చిన్నచూపు చూస్తారని ఆమెకి తెలుసు. అయినా ఆ దొంగ పెళ్ళికి సాయం చెయ్యమని శాస్త్రి అడగగానే ఒప్పుకుంది. దొంగ పెళ్ళికూతురు మాయమయ్యాక లుబ్ధావధాన్ల మీద ఖూనీ కేసు పడింది. అప్పుడు తనలాంటివాళ్ళ మొహం చూడనని నియమం పెట్టుకున్న వకీలు సౌజన్యారావు ఇంటికి మగవేషంలో వెళ్ళి నిజం బయటపెట్టింది. ఆ ముసలాయన ఆమెకి చుట్టం కాదు, ఆయన చేసిన పనీ మంచిది కాదు. చెయ్యని ఖూనీకి మనిషి బలైపోకూడదనుకుంది, అంతే. ఆమెకి తనదైన తెలివీ, తనదైన లెక్కా ఉన్నాయి. ఎవరో రాసిచ్చినట్టు వచ్చి సాయం చేసి పోలేదు.

పెద్దదానా, నీ దింపు మావయ్యకి ఇదొక్కటి ఇవ్వు. ఆ రాత్రి ఆయన ఇంటి రేకులు కూడా లేచిపోతుంటాయి కదా, లోపల ఆయన పెళ్ళాంబిడ్డలు ఉంటారు కదా. కుర్రాడు వచ్చి తలుపు బాదితే ఆయన ఒక్క క్షణం ఆగాలి. ఆ క్షణం రాయి, నాలుగు వాక్యాలైనా సరే. తర్వాత చెట్టుకి మోకు కట్టేది ఆయనే అవ్వనీ, సందులోంచి దూరి తాతని లాగేది మాత్రం కుర్రాడు కావాలి. ఆయన ఒళ్ళు ఆ సందులో పట్టదు.

ఎవరూ సాయానికి రాని కథ రాయొచ్చా అని ఒకరు కాగితం అంచున పెన్సిలుతో అడిగారు. చేతిరాత ఎవరిదో పోల్చుకోలేకపోయాను. రాయొచ్చు. మన కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, రాసిన యజ్ఞం కథ అలాంటిదే. అప్పు తగాదా తీర్చడానికి పంచాయితీలో కూర్చున్న శ్రీరాములునాయుడు చెడ్డవాడేం కాదు, ఊరికి మేలు చేసినవాడే. అయినా అప్పల్రాముడి కుటుంబానికి ఆ మంచితనం అక్కరకు రాలేదు. దాని ముగింపు ఇప్పుడు చెప్పను, పదో తరగతి దాటాక చదవండి. అంతదాకా ఆగలేనివాళ్ళు సెలవులకి వచ్చినప్పుడు చెప్పండి. కారా మాస్టారు 1997లో ఇక్కడ పెట్టిన కథానిలయానికి తీసుకెళ్తాను. తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని పెట్టింది అది. బీరువాల ముందు కూర్చుని మీకు తగినవి మీరే ఏరుకోండి.

తిరగరాసిన కథలు వచ్చే నెల లోపల పంపండి. కాగితానికి ఒకవైపే రాయండి, నా కళ్ళజోడు పాతది.

ఉంటాను.

మీ మామ్మ