ఎర్ర గొంగళి పురుగు నుంచి కృషి సఖి దాకా

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2,481 కోట్ల రూపాయల ఖర్చు, 15 వేల క్లస్టర్లు, కోటి మంది రైతులు అన్నారు. పురుగుల మీద చల్లే కషాయాలు, ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం లాంటివి ఊరికి దగ్గర్లోనే దొరికేలా 10 వేల కేంద్రాలు పెడతామన్నారు. పొలాలకు వెళ్లి నేర్పడానికి 30 వేల మంది కృషి సఖులు, సీఆర్పీలు, అంటే తోటివాళ్లకు నేర్పే ఊరి మనుషులు ఉంటారన్నారు. చాలా పత్రికలు దీన్ని కొత్త పథకంగానే రాశాయి. తెలుగు జిల్లాల స్వచ్ఛంద సంస్థల్లో పాతికేళ్లుగా పనిచేస్తున్నవాళ్లకు మాత్రం ఇందులో సగం మాటలు పాత చుట్టాలే. ఊళ్లో కషాయాల దుకాణం, రైతుకు రైతే నేర్పడం, మహిళా సంఘం చేతుల మీదుగా సేద్యం మారడం, ఇవన్నీ ఇక్కడ ఎప్పుడో మొదలయ్యాయి. ఎవరు మొదలుపెట్టారంటే ఒక్క పేరు చెప్పలేం. అసలు ఆసక్తి అంతా అక్కడే ఉంది.

మొదట ఒక పురుగు గురించి చెప్పాలి. తెలంగాణ ఎర్ర నేలల్లో ఆముదం, వేరుశనగ, జొన్న వేసే మెట్ట రైతులకు ఎర్ర గొంగళి పురుగు పాత శత్రువు. నేలలో కోశాల్లో నిద్రపోయే పురుగులు తొలకరి వాన పడగానే మేల్కొంటాయి. కొద్ది రోజుల తేడాలో రెక్కల పురుగులు గుంపులుగా బయటికొచ్చి గుడ్లు పెడతాయి. పిల్ల పురుగులు కాస్త పెద్దయ్యాక ఒంటి నిండా వెంట్రుకలు మొలుస్తాయి, ఆపైన మందు కొట్టినా పెద్దగా పనిచేయదు. ఒక చేను తినేసి గట్టు దాటి పక్క చేలోకి దండులా నడిచిపోతాయి. వీటికి విరుగుడు రెక్కల పురుగు దశలోనే ఉంది. వాన పడిన రాత్రులు పొలాల్లో మంటలు పెడితే, దీపపు ఎరలు పెడితే అవి వచ్చి పడిచస్తాయి. మిగిలినవి గుడ్లు పెట్టి పిల్ల పురుగులు వచ్చినా, చేను చుట్టూ కాలువ తీసి జిల్లేడు ఆకులు, అడవి ఆముదం కొమ్మలు వేస్తే వాటిమీద మూగుతాయి, ఏరి చంపొచ్చు.

చిక్కంతా ఏమిటంటే ఈ పని ఒక్క రైతు చేస్తే దండగ. ఊరంతా ఒకే రాత్రి మంటలు పెట్టాలి. పక్క ఊరు కూడా పెడితే ఇంకా మంచిది. 1980ల చివర్లో కొందరు శాస్త్రవేత్తలు, హైదరాబాద్‌లోని సహాయ సంస్థలు, జిల్లాల్లోని చిన్న స్వచ్ఛంద సంస్థలు కలిసి ఈ పురుగు మీద పనిచేయడం మొదలుపెట్టాయి. రాజమండ్రిలోని కేంద్ర పొగాకు పరిశోధన సంస్థకు డైరెక్టర్‌గా చేసిన ఎం.ఎస్. చారి, భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్)లో పనిచేసిన ఎన్.కె. సంఘీ, వ్యవసాయ శాఖలో పనిచేసిన ఎం.ఎ. ఖయ్యూం లాంటివాళ్లు ఈ దారిలో గుర్తుంచుకోవాల్సిన పేర్లు. పురుగు జీవితచక్రం తెలిసినవాళ్లు శాస్త్రవేత్తలు. ఊళ్లో నలుగుర్ని కూర్చోబెట్టి ఒప్పించగలిగినవాళ్లు స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు. కట్టెలు ఎక్కడ దొరుకుతాయో, ఏ గాలికి మంట ఏ పక్క పెట్టాలో తెలిసినవాళ్లు రైతులు. ఒకరి పని ఇంకొకరు చేయలేరు కాబట్టి కలిశారు, అంతేగానీ కలిసి పనిచేయాలన్న ఆదర్శంతో కాదు. ఈ మాట కాస్త మోటుగా వినిపించినా, తర్వాత జరిగిందంతా చూస్తే అదే నిజమనిపిస్తుంది.

ఆ పనికే తర్వాత ఎన్‌పీఎం అని పేరొచ్చింది. రసాయన పురుగుమందులు లేని సస్యరక్షణ అన్నమాట. మెట్ట పంటల్లో చిన్నగా సాగుతున్న ఆ ప్రయత్నానికి ఒక్కసారిగా అవసరం పెరిగింది పత్తి వల్ల. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది, అప్పుల్లో కూరుకున్న రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. పదేళ్ల తర్వాత 1997-98లో అదే కథ వరంగల్‌లో. ఈసారి పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు. చాలామంది చివరికి ఆ డబ్బాలోని మందే తాగారు.

అప్పటి పత్తి రైతు పరిస్థితి తెలియకపోతే ఆ తర్వాతి మార్పు విలువ అర్థం కాదు. ఊరి దగ్గర టౌన్లో ఉండే డీలరే విత్తనం ఇస్తాడు, ఎరువు ఇస్తాడు, పురుగుమందు అరువిస్తాడు. ఏ మందు ఎన్నిసార్లు కొట్టాలో కూడా అతనే చెప్తాడు. పంట చేతికొచ్చాక అప్పు కింద పత్తి అతనికే తూకం వేయాలి. మందు మానేయడమంటే అప్పు పుట్టే చోటును కూడా వదులుకోవడమే. ఎంత మంచి కషాయం చూపించినా, ఈ ముడి విప్పకుండా రైతు కదలడు. శాస్త్రవేత్త చేతిలో దానికి మందు లేదు, స్వచ్ఛంద సంస్థ దగ్గరా లేదు.

ఆ ముడి విప్పడంలో పొదుపు సంఘాలు పనికొచ్చాయి. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊళ్లో సెక్యూర్ అనే స్థానిక సంస్థ, హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ సాంకేతిక సాయంతో 1999 ప్రాంతంలో ఎన్‌పీఎం మొదలుపెట్టింది. దాదాపు 200 కుటుంబాల ఊరు, గిరిజనులు ఎక్కువ. మొదట కొద్దిమంది రైతులే ముందుకొచ్చారు. వేసవి దుక్కి, గట్ల మీద ఆముదం, చేలో బంతి లాంటి ఎర పంటలు, మగ రెక్కల పురుగుల్ని రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, పక్షులు వాలడానికి కర్రలు, వేప గింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం. ఏదీ బ్రహ్మవిద్య కాదు. కానీ వేప గింజలు ఏరాలి, దంచాలి, నానబెట్టాలి, వడకట్టాలి. అంత పని ఇంట్లో ఎవరు చేస్తారు? ఆడవాళ్లే అనుకుని ఊరుకుంటే పథకం అక్కడే ఆగిపోయేది. గింజలు కొని పొడి కొట్టి అమ్మడాన్ని మహిళా సంఘం తన వ్యాపారంగా పెట్టుకుంది. కూలి పని కాస్తా ఆదాయమైంది. సంఘం అప్పు ఇవ్వగలిగింది కాబట్టి డీలర్ గుమ్మం తొక్కాల్సిన అవసరం తగ్గింది. 2004 నాటికి పంచాయతీ తమది పురుగుమందులు వాడని ఊరని తీర్మానం చేసింది, మందులు అమ్మేవాళ్లు ఊళ్లోకి రావద్దని చెప్పింది.

రెండేళ్ల తర్వాత అప్పటి వరంగల్ జిల్లాలో ఏనెబావి ఇంకో అడుగు ముందుకేసింది. క్రాప్స్ అనే సంస్థ తోడుగా ఎరువులు కూడా మానేసి, 2006లో పూర్తి సేంద్రియ గ్రామంగా ప్రకటించుకుంది. ఏనెబావిని చూడటానికి బస్సుల్లో జనం వచ్చేవారు.

ఇలాంటి కథలు మన దగ్గర చాలా ఉన్నాయి, చాలావరకు ఒక ఊరి దగ్గరే ఆగిపోయాయి. ఒక సంస్థ, ఒక నిబద్ధత గల మనిషి, ఒక ఆదర్శ గ్రామం, పేపర్లో ఫొటో. ఆ మనిషి వెళ్లిపోతే ఊరు మళ్లీ మామూలే. పునుకుల ఆ దారి పట్టకపోవడానికి కారణం సరిగ్గా అదే సమయానికి రాష్ట్రంలో మహిళా సంఘాల రూపంలో ఇంకో కట్టడం తయారై ఉండటం.

ఆ కట్టడం వెనుక చరిత్ర ఇంకా పాతది. 1982-83లో డ్వాక్రా వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద ఆడవాళ్లు తిరగబడ్డారు. అక్షరాస్యత తరగతుల్లో రాజుకున్న నిప్పు జిల్లా దాటి రాష్ట్రమంతా అంటుకుంది, 1993లో సారా నిషేధం వచ్చింది. సారా మీద పోయే డబ్బును పొదుపు చేయాలన్న ఆలోచన నెల్లూరులో ఊపందుకుంది. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్ ఏర్పడింది. అప్పట్లో జనం నోట అది వెలుగు, తర్వాత ఐకేపీ. పది పదిహేను మంది సంఘం, సంఘాలన్నీ కలిసి గ్రామ సమాఖ్య, దాని మీద మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య. పేదరికం నుంచి బయటపడిన మహిళలే వేరే ఊళ్లకు వెళ్లి సంఘాలు కట్టేవారు. వాళ్లనే సీఆర్పీలన్నారు.

పునుకుల అనుభవాన్ని ఈ కట్టడంలోకి దించాలన్న ఆలోచన 2004-05లో కుదిరింది. సెర్ప్‌కు అప్పుడు సారథి టి. విజయకుమార్. సాంకేతిక వైపు, 2004లో మొదలైన సుస్థిర వ్యవసాయ కేంద్రం, దాని శాస్త్రవేత్త జి.వి. రామాంజనేయులు. నీటి పరీవాహక పనుల్లో అనుభవం ఉన్న వాసన్ సంస్థ, జిల్లాల్లో డజన్ల కొద్దీ చిన్న సంస్థలు. మొదటి ఏడాది పాతిక వేల ఎకరాల స్థాయిలో మొదలై, 2009 నాటికి మూడు లక్షలకు పైగా రైతులు, సుమారు 13.6 లక్షల ఎకరాలకు చేరింది. అంటే ఉమ్మడి రాష్ట్రంలో నికర సాగు భూమిలో దాదాపు 5 శాతం. పురుగుమందులు లేని సేద్యం ఇంత వేగంగా పాకడం దేశంలో అంతకుముందు లేదు.

ఇంత విస్తరణ సాధ్యమైంది పని పంచుకోవడం వల్ల. శాస్త్రం సంస్థలది, నేర్పడం తోటి రైతుది, దుకాణం సంఘానిది. డబ్బు ప్రభుత్వానిది, వెనుక ప్రపంచ బ్యాంకు రుణం. సంస్థలకు ఇక్కడ ఒక కష్టమైన త్యాగం ఉంది. ఊళ్లో వాటి బోర్డు పోయి సమాఖ్య బోర్డు వచ్చింది. ఇరవై ఏళ్లు ఒక మండలాన్ని తన మండలంగా చూసుకున్న సంస్థకు అది చిన్న విషయం కాదు. విదేశీ దాతకు పంపే రిపోర్టులో ఏమి రాయాలి? కొందరు ఒప్పుకున్నారు, కొందరు గొణుక్కున్నారు, కొందరు తప్పుకున్నారు. ప్రభుత్వం తమ పనిని ఎత్తుకుపోయిందన్న మాట ఇప్పటికీ అక్కడక్కడ వినిపిస్తుంది. అందులో కొంత నిజం ఉంది. కానీ ఎత్తుకుపోకపోతే అది పదుల ఊళ్లలోనే ఉండేదన్నది కూడా నిజమే.

అదే సమయంలో, అవే ఊళ్లలో, అవే మహిళలతో ఇంకో ప్రయోగం పూర్తిగా తలకిందులుగా నడిచింది. పేదలకు అప్పులిచ్చి పేదరికం తగ్గిస్తామని వచ్చిన మైక్రోఫైనాన్స్ సంస్థలు అప్పటికే కట్టి ఉన్న సంఘాలను రెడీమేడ్ ఖాతాదారులుగా చూశాయి. ఎవరు ఎంత ఇచ్చారో ఇంకొకరికి చెప్పకుండా, ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి. 2010లో ఒక పెద్ద సంస్థ షేర్ మార్కెట్‌కు వెళ్లిన కొద్ది నెలలకే, వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. వాటి వ్యాపారం దాదాపు కుప్పకూలింది. వీళ్లలోనూ సామాజిక లక్ష్యంతో వచ్చినవాళ్లు ఉన్నారు, అది కాదనలేం. కానీ ఎవరి లెక్క వారిదే, ఎవరి టార్గెట్ వారిదే. ఎన్‌పీఎంలో సంఘానికి పని అప్పజెప్పారు, ఇక్కడ సంఘాన్నే సరుకు చేశారు.

ఎన్‌పీఎం కథ మాత్రం సాఫీగా సాగిందా అంటే, లేదు. కాయతొలిచే పురుగును తట్టుకునేలా జన్యువులు మార్చిన బీటీ పత్తి, 2002లో అనుమతి వచ్చాక కొన్నేళ్లలోనే పత్తి చేలను దాదాపు మొత్తంగా ఆక్రమించింది. శనగపచ్చ పురుగు బెడద తగ్గగానే, దాన్ని ఎదుర్కోవడానికి కూడిన జనంలో చాలామందికి కషాయం అవసరం కనిపించలేదు. ఇంకో పెద్ద లోటు ధర. మందు లేకుండా పండించిన కందిపప్పుకూ, మందు కొట్టి పండించిన దానికీ మార్కెట్ యార్డులో ఒకటే రేటు. ఖర్చు తగ్గడం ఒక్కటే రైతుకు లాభం. సంస్థల బలమంతా సేద్యం నేర్పడంలో ఉంది, అమ్మడంలో లేదు. అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లిలోని టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ ధరణి పేరుతో రైతుల సహకార సంఘం కట్టింది, హైదరాబాద్‌లో ఇలాంటి పంట అమ్మే సహజ ఆహారం వచ్చింది. విలువైన పనులే, కానీ 13 లక్షల ఎకరాల పంటకు అవి ఎంత?

2014లో రాష్ట్రం రెండుగా చీలింది. పునుకుల, ఏనెబావి తెలంగాణలోకి వెళ్లాయి, పథకం బలం ఆంధ్రప్రదేశ్‌లో మిగిలింది. అక్కడ రైతు సాధికార సంస్థ ఏర్పడి, 2016 నుంచి మహారాష్ట్రకు చెందిన సుభాష్ పాలేకర్ పద్ధతిలో జీరో బడ్జెట్ సేద్యంగా కొత్త పేరుతో మొదలైంది, మళ్లీ విజయకుమార్ సారథ్యంలోనే. అజీమ్ ప్రేమ్‌జీ సంస్థ సాయం, తర్వాత జర్మనీ ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ రుణం. విత్తనానికి పట్టించే బీజామృతం, జీవామృతం, తొలకరికి ముందే నవధాన్యాలు పొడి విత్తనం వేసి ఏడాదంతా నేలను పచ్చగా ఉంచడం. 2024 నాటికి 60 లక్షల మంది రైతులను మారుస్తామన్న ప్రకటన మరీ దూకుడు. గడువు దాటిపోయింది, లక్ష్యం ఇంకా చాలా దూరంలోనే ఉంది. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఈ పద్ధతికి శాస్త్రీయ ఆధారం లేదని అభ్యంతరం చెప్పింది. పాలేకర్‌తోనూ దారులు వేరయ్యాయి, పేరు మళ్లీ మారి ఏపీసీఎన్‌ఎఫ్, అంటే ఆంధ్రప్రదేశ్ సమాజ ఆధారిత ప్రకృతి వ్యవసాయం అయింది. ఇన్ని పేర్లు మారినా లోపల పనిచేసే యంత్రం మాత్రం అదే: మహిళా సమాఖ్య, తోటి రైతు గురువు, ఊరి దుకాణం. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతిని ఏపీసీఎన్‌ఎఫ్ మరో ఇద్దరితో పంచుకుంది.

ఊళ్లో ఉన్నవాళ్లకంటే బయటికి వెళ్లినవాళ్లు ఎక్కువ మార్పు తెచ్చారేమో అని కూడా అనిపిస్తుంది. సెర్ప్ నమూనా 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ అయింది, దాన్ని నడపడానికి విజయకుమార్ ఢిల్లీ వెళ్లారు. అందులో భాగంగా మహిళా రైతుల కోసం వచ్చిన మహిళా కిసాన్ సశక్తీకరణ్ పరియోజనలో ఎన్‌పీఎం పోలికలు స్పష్టంగా కనిపిస్తాయి. వాసన్ 2017 నుంచి ఒడిశా మిల్లెట్స్ మిషన్‌కు సచివాలయంగా పనిచేసింది. అక్కడ ప్రభుత్వం, పరిశోధన సంస్థ, స్థానిక సంస్థలు, మహిళా సంఘాలు ముందే పని పంచుకుని రాసుకున్నాయి. రాగుల్ని ప్రభుత్వమే మద్దతు ధరకు కొనడం మొదలుపెట్టింది. అమ్మకం లేని లోటు మన దగ్గర ఎంత దెబ్బ కొట్టిందో చూసినవాళ్లు ఆ బల్ల ముందు కూర్చున్నారు కాబట్టే అది జరిగిందని నా నమ్మకం.

కేంద్ర మిషన్‌లో కృషి సఖులకు గౌరవ వేతనం ఏ దారిలో రావాలి, వాళ్లు ఎవరికి లెక్క చెప్పాలి అన్నది అసలు ప్రశ్న. సీఆర్పీని ఎన్నుకున్నది, అవసరమైతే తీసేసింది, ఆమె పని బాగుందో లేదో చెప్పింది ఇన్నాళ్లూ గ్రామ సమాఖ్య. వేతనం వ్యవసాయ శాఖ నుంచి నేరుగా వస్తే ఆమె శాఖకు చిట్టచివరి ఉద్యోగి అవుతుంది, సీజన్‌లో ఎరువుల స్టాకు లెక్కలు, పంట నమోదు యాప్ పనులు కూడా ఆమె నెత్తినే పడతాయి. సమాఖ్య ఖాతా ద్వారా వస్తే ఆమె ఊరి మనిషిగానే ఉంటుంది, కానీ డబ్బు ఆలస్యమవుతుంది. జిల్లాల్లో రెండో పద్ధతి కోసం పట్టుబడుతున్నవాళ్లు మొదటి తరం ఎన్‌పీఎం కార్యకర్తలే, ఇప్పుడు చాలామందికి అరవై దాటాయి.