మందు పనిచేసిందో లేదో ఎలా తేల్చాలి

పిల్లలూ,

కొత్త మందు కొడితే దిగుబడి పెరుగుతుందని అందరూ అంటున్నారు, అది నిజమో కాదో ఎలా తెలుస్తుంది అని అడిగారు కదా. మన పొలంలోనే తేల్చుకోవాలి, అదే నా జవాబు.

చాలామంది పొలమంతా వేసేసి, పోయిన ఏటి కన్నా ఎక్కువ పండితే మందు గొప్పదే అనేస్తారు. ఈ ఏడు వాన బాగా పడిందేమో, పురుగు తక్కువొచ్చిందేమో, అది ఎవరూ చూడరు. పోనీ సగం వేసి సగం వదిలేద్దామా అంటే అదీ చాలదు, ఎందుకంటే ఒకే పొలంలో ఓ పక్క నేల బలంగా ఉంటుంది, ఇంకో పక్క నీళ్లు నిలుస్తాయి, ఆ తేడా అంతా మందు ఖాతాలో పడిపోతుంది.

అందుకే పొడుగ్గా పట్టీలు చేసి, పక్కపక్కన ఉన్న రెండేసి పట్టీల్ని ఒక జతగా పెట్టుకోండి, ఒక ఆరు జతలుండాలి. జతలో ఒకదానికే మందు, అది దేనికో బొమ్మాబొరుసు వేసి తేల్చండి, మనమే ఎంచుకుంటే తెలియకుండానే మంచి నేల వైపు చెయ్యి పోతుంది. విత్తనం, విత్తిన రోజు, నీళ్లు, కలుపు తీత అన్నీ రెండిటికీ ఒకటే.

ఆరు జతలెందుకంటే, మందులో అసలు ఏ పసా లేకపోయినా ఒక్కో జతలో ఏదో ఒక పట్టీ ఎక్కువ పండుతుంది కదా. రెండు జతలే ఉంటే రెండిట్లోనూ మందు పట్టీయే ఊరికే గెలిచే అవకాశం 4లో 1, అంటే మోసపోవడం చాలా తేలిక. ఆరుకి ఆరూ అలా గెలవాలంటే 64లో 1 మాత్రమే! నాకు ఈ లెక్క ఎప్పుడు చూసినా ఆనందంగానే ఉంటుంది. 1919లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో చేరిన రోనాల్డ్ ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త ఇలా చీటీ వేసినట్టు పంచడం, మళ్లీ మళ్లీ వేసి చూడడం పంట ప్రయోగాల్లో గట్టిగా నిలబెట్టాడు.

కోతప్పుడు అంచులు వదిలేసి మధ్య చాళ్లే తూకం వేయండి, పక్క పట్టీ మందు గాలికి ఇటు పడి ఉండొచ్చు. గింజ తేమ కూడా చూడాలి, తడి గింజ ఎక్కువ తూగుతుంది.

తేడా వచ్చినంత మాత్రాన కొనేయకూడదు, పెరిగిన పంట విలువ మందు ఖర్చుని, కూలిని దాటాలి. తేడా ఏమీ రాకపోతే నిరాశపడకండి, ఆ ఖర్చు మిగిలింది కదా, నా దృష్టిలో అది కూడా మంచి ఫలితమే. వాన ఏడూ ఎండ ఏడూ ఒకేలా ఉండవు కాబట్టి రెండు మూడేళ్లు చూసి అప్పుడు పొలమంతా వేయండి.

వేశాక కూడా ఒక పట్టీ మాత్రం మందు లేకుండా ఉంచండి, లేకపోతే కొన్నేళ్లకి దేంతో పోల్చాలో తెలీదు. రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలెట్టిన గోధుమ చేలో ఎరువు వేయని పట్టీ ఇప్పటికీ ఉంది.

మీ తాతయ్య