హాబీలు, ఇల్లు, కెరీర్: నా గదిలో రోజూ వినే అపోహలు

వేసవి వచ్చిందంటే నా గదిలో కుర్చీలు చాలవు. గుంటూరులో పన్నెండేళ్లుగా పదో తరగతి, ఇంటర్ పిల్లలకు కెరీర్ కౌన్సెలింగ్ చేస్తున్నాను. సాధారణంగా ముగ్గురు కలిసి వస్తారు. నాన్న కుర్చీ అంచున కూర్చుంటారు. అమ్మ ఒళ్లో మార్కుల లిస్టులున్న ఫైలు ఉంటుంది. మధ్యలో పిల్లాడో, పిల్లో తల దించుకుని ఉంటారు. "మేడమ్, మావాడికి ఏ కోర్సయితే బాగుంటుంది?" అని నాన్న మొదలుపెడతారు. నేను ఫైలు పక్కన పెట్టి పిల్లవాడినే అడుగుతాను: "ఎవరూ చెప్పకపోయినా నువ్వు చేసే పని ఏంటి నాన్నా?"

వాడు నోరు తెరిచేలోపు ఇంట్లోవాళ్లే చెప్పేస్తారు. "ఏముంది మేడమ్, పొద్దస్తమానం ఆ క్రికెట్టే." చాలా ఇళ్లలో అది ఫిర్యాదు. నా నోట్‌బుక్‌లో మాత్రం మొదటి లైను అదే. ఇన్నేళ్లుగా పదేపదే వింటున్న కొన్ని మాటలనూ, వాటి గురించి నా అనుభవంలో తేలిన నిజాలనూ ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: హాబీ పేరు తెలిస్తే కెరీర్ తెలిసిపోతుంది

బొమ్మలు వేస్తే డిజైనర్, కంప్యూటర్ ముందు కూర్చుంటే సాఫ్ట్‌వేర్, బాగా వాదిస్తే లాయర్. ఇంత తేలికైతే నా దగ్గరికి ఎవరూ రానక్కర్లేదు.

వాస్తవం ఏమిటంటే, హాబీ పేరును బట్టి తెలిసేది చాలా తక్కువ. అందులో పిల్లవాడు ఏ పని తన మీద వేసుకుంటున్నాడో చూడాలి.

ఒక ఏడాది ఒకే వీధి నుంచి నలుగురు అబ్బాయిలు వారం తేడాతో వచ్చారు. నలుగురిదీ ఒకటే జవాబు, క్రికెట్. "ఆదివారం మ్యాచ్ ఉందంటే పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేస్తావో వరసగా చెప్పు" అన్నాను. మొదటివాడు ముందురోజు రాత్రే అందరికీ ఫోన్లు చేస్తాడు, బంతి కోసం తలా ఇరవై వసూలు చేస్తాడు, అవుటా కాదా అని గొడవైతే ఇద్దరినీ కూర్చోబెట్టి సర్దిచెబుతాడు. రెండోవాడు స్కోరు రాస్తాడు. ఎవరు ఏ బౌలర్ చేతిలో ఎన్నిసార్లు అవుటయ్యారో పుస్తకం తెరవకుండానే చెప్పేశాడు. మూడోవాడు పగిలిన బ్యాట్లు బాగుచేస్తాడు. చీలిక వచ్చిన చోట ఫెవికాల్ పోసి, రాత్రంతా బరువు పెట్టి, తెల్లారి టేపు ఎలా చుట్టాలో నా టేబుల్ మీది స్కేలుతో చూపించాడు. నాలుగోవాడు బౌలర్. భుజం నొప్పి వస్తే అది ఎందుకొస్తోందో వెతికి తెలుసుకుని, ఆ వ్యాయామాలు తోటివాళ్లకు కూడా నేర్పిస్తున్నాడు.

మొదటివాడు సీఈసీ తీసుకుని బీబీఏ చదివాడు. రెండోవాడు డిగ్రీలో స్టాటిస్టిక్స్, మూడోవాడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చేశారు. నాలుగోవాడు బైపీసీ చదివి ఫిజియోథెరపీకి వెళ్లాడు. ఒక్కరూ క్రికెటర్ కాలేదు. కానీ నలుగురికీ దారి చూపింది ఆ క్రికెట్టే.

మా వృత్తిలో ఇప్పటికీ వాడే ఒక పద్ధతి ఉంది. అమెరికా మనస్తత్వవేత్త జాన్ హాలండ్ 1959లో బయటపెట్టిన సిద్ధాంతం దానికి పునాది. చేతులతో చేసే పని, ఆరా తీసే పని, కళ, మనుషులకు సాయపడే పని, నలుగురినీ నడిపించే పని, లెక్కాపత్రం చూసే పని అంటూ ఆయన ఆసక్తులను ఆరు రకాలుగా చూశారు. ఆన్‌లైన్‌లో దొరికే ఆసక్తి పరీక్షలు చాలావాటికి మూలం ఇదే. నేనూ ఆ పరీక్ష పెడతాను, అయితే ఆదివారం కథ విన్నాకే పెడతాను. కాగితం మీద పిల్లలు నాన్నకు నచ్చే జవాబుకు టిక్ పెట్టడం చాలాసార్లు చూశాను.

అపోహ: ఇష్టమైన పని ఉద్యోగం కాకపోతే ఆ ఇష్టం వృథా

"సంగీతం నేర్పిస్తున్నాం కానీ, అది కూడు పెడుతుందా మేడమ్?" అని అడిగే అమ్మలకు నేను శ్రీపాద పినాకపాణి గారి గురించి చెబుతాను. ఆయన ఎం.డి. చదివిన డాక్టరు. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పాఠాలు చెప్పి, కర్నూలులో స్థిరపడ్డారు. ఆ వైద్య వృత్తి చేస్తూనే కర్ణాటక సంగీతం సాధన చేశారు, శిష్యులకు నేర్పారు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ వంటి విద్వాంసులు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. పేషెంటును చూసే చేత్తోనే తంబురా పట్టుకున్నారాయన. రెండింటిలో ఒకటి వదిలేయమని ఆయన్ని ఇంట్లో ఎవరైనా పట్టుబట్టి ఉంటే మనకు ఎంత నష్టం జరిగేదో ఆలోచించండి.

హాబీని ఉద్యోగంగా మార్చుకోవాలా వద్దా అన్నది పదహారేళ్లకు తేల్చాల్సిన విషయం కాదు. ఆ వయసులో అది బతికి ఉంటే చాలు.

అపోహ: హాబీలు డబ్బున్న ఇళ్ల పిల్లలకే

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. చెప్పేవాళ్లలో చాలామంది ఇళ్లలో నిజంగా ఒక విద్య ఉంటుంది. అది విద్య అని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు, అంతే.

ఒక అమ్మాయి వచ్చింది. వాళ్లమ్మ ఇంటి దగ్గరే జాకెట్లు కుడుతుంది. "నాకేం హాబీలు లేవు మేడమ్" అంది. ధనుర్మాసంలో ముగ్గు ఎవరు పెడతారని అడిగితే ముఖం వెలిగింది. కాగితం ఇచ్చాను. పదిహేను చుక్కల నుంచి ఎనిమిది దాకా, సందు చుక్క. పెన్సిల్ పెట్టగానే గీత గీయలేదు. ముందు కాగితం వెడల్పును వేళ్లతో కొలిచింది. రెండు పక్కలా అంచు వదిలి మధ్య వరస వేసుకుంది. ఒకచోట చుక్క జరిగితే మొత్తం వంకర వస్తుందని చెరిపి మళ్లీ పెట్టింది. మెలిక ఎక్కడ మొదలై ఎక్కడ కలవాలో గీయకముందే చెప్పింది. ఇంతా చేసి, "ఇది అందరూ వేసేదే కదా మేడమ్" అంది.

వాళ్లమ్మ గుడ్డ వృథా కాకుండా కత్తిరించడం చూస్తూ పెరిగిన పిల్ల. కొలత, అమరిక, ఓపిక ఇంట్లోనే అలవడ్డాయి. ఆ అమ్మాయి సీఈసీ చదువుతోంది. డిజైన్ కోర్సులకు ఎంపీసీయే ఉండాలన్న నియమం లేదని ఆ రోజే ఆ ఇంట్లో తెలిసింది. ఐఐటీల్లో బీ.డిజైన్ కోసం పెట్టే యూసీడ్ పరీక్ష ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవాళ్లయినా రాయొచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఆ కోర్సు ఉంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ మన అమరావతి దగ్గర కూడా ఉంది, దానికి వేరే ప్రవేశ పరీక్ష. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో లలితకళల డిగ్రీ బీఎఫ్‌ఏ ఉంది.

ఇంకో అబ్బాయి నాన్నకు మోటారు వైండింగ్ షాపు ఉంది. "చదువు తక్కువ మేడమ్, షాపులో నాకు సాయం చేస్తాడంతే" అన్నారు. అప్పుడే నా గదిలో ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోంది. పిల్లాడు తలెత్తి చూసి, "కెపాసిటర్ పోయింది మేడమ్. బేరింగ్ అయితే గరగరమనేది" అన్నాడు. నేను వాళ్ల నాన్న వైపు చూశాను. పాలిసెట్ రాసి ఎలక్ట్రికల్ డిప్లొమా చేయవచ్చనీ, ఆ తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చనీ చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నేను చేసే పని వాడు చేయకూడదని ఇన్నాళ్లూ తిడుతున్నాను మేడమ్" అన్నారు చివరికి.

అపోహ: కెరీర్ పిల్లల సొంత నిర్ణయం, ఇంట్లోవాళ్లు కలగజేసుకోకూడదు

ఇది కొత్త అపోహ. చదువుకున్న తల్లిదండ్రుల్లో ఎక్కువ. "మేం ఏమీ ఒత్తిడి పెట్టం మేడమ్, అంతా వాడి ఇష్టమే" అంటారు గర్వంగా. ఉద్దేశం మంచిదే. కానీ పిల్లవాడికి ఇష్టం ఎక్కడి నుంచి వస్తుంది? తను చూసిన మనుషుల నుంచే వస్తుంది.

మా కౌన్సెలర్లు వాడే పనిముట్టు ఒకటుంది, కెరీర్ జెనోగ్రామ్. అంటే వంశవృక్షం గీసి, ప్రతి పేరు కింద వాళ్లు చేసిన పని రాయడం. తాతల దాకా వెళ్లాలి, మేనమామలు, మేనత్తలు, పిన్నులు, బాబాయిలు అందరూ ఉండాలి. ఏం చదివారు, ఏం చేశారు, ఏం చేయాలనుకుని ఆగిపోయారు అన్నవి కూడా రాయాలి. మన వైపు ఇళ్లలో ఈ చెట్టు గీస్తే తరచూ ఒకే బొమ్మ వస్తుంది. పై వరసలో వ్యవసాయం, మధ్య వరసలో టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, కింది వరసంతా సాఫ్ట్‌వేర్. ఆ కింది వరసలో సగం మంది డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. శనివారం వీడియో కాల్‌లో "సీఎస్‌ఈ తీసుకో, మిగతాది నేను చూసుకుంటా" అనే బాబాయి మాటకు ఇంట్లో ఉన్న బలం నా పరీక్షలకు లేదు. బాబాయి తప్పు చెప్పాడని అనను. ఆయనకు తెలిసిన దారి ఆయన చెప్పాడు. పిల్లవాడు చూసిన దారి ఒక్కటే కావడం ఇబ్బంది.

అందుకని నేను ఒక పని చెబుతాను. ఈసారి పెళ్లికో గృహప్రవేశానికో వెళ్లినప్పుడు ముగ్గురు బంధువుల దగ్గర కూర్చుని, "నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ ఉద్యోగంలో ఏం చేశారు?" అని అడిగి రాసుకురమ్మంటాను. జీతం అడగొద్దంటాను. ఒకమ్మాయి వాళ్ల పెదనాన్న ఆర్టీసీ డిపోలో షెడ్యూళ్లు వేస్తారని అప్పుడే తెలుసుకుంది. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలి, డ్రైవరుకు విశ్రాంతి ఎక్కడ రావాలి అన్న లెక్కను ఆయన దగ్గర రెండు గంటలు విని వచ్చింది.

ఇల్లు ఎలా తోడుండాలో చూపడానికి పి.వి. సింధు గారి ఇంటిని మించిన ఉదాహరణ నాకు తెలియదు. తండ్రి రమణ, తల్లి విజయ ఇద్దరూ వాలీబాల్ ఆటగాళ్లు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో రమణ ఉన్నారు. కూతురు ఎనిమిదేళ్లకు బ్యాడ్మింటన్ రాకెట్ పట్టుకుంది. మా ఆట ఆడమని వాళ్లు అనలేదు. అలాగని నీ ఇష్టం నీదని వదిలేయనూ లేదు. కోచింగ్ కోసం రోజూ యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణం ఉండేది. ఆట వాళ్లది కాకపోయినా, తెల్లవారుజామున లేవడం, ఓడిన రోజు ఎలా ఉండాలి, దెబ్బ తగిలితే ఎన్నాళ్లు ఆగాలి అన్నవి వాళ్లకు ఒంటితో తెలిసిన విషయాలు. ఇంటి నుంచి పిల్లలకు అందేది అలాంటిదే.

అపోహ: నాలుగింటిలో వేలు పెట్టేవాడికి నిలకడ ఉండదు

ఆరు నెలలు కరాటే, తర్వాత కీబోర్డు, ఆపైన చెస్. ఫీజులు కట్టిన నాన్నకు కోపం రావడం సహజమే. కానీ చిన్న వయసులో ఇది లోపం కాదు. క్రీడా మనస్తత్వ శాస్త్రంలో జీన్ కోటే అనే కెనడా పరిశోధకుడు ఆరు నుంచి పన్నెండేళ్ల వయసును రకరకాల ఆటలు రుచి చూసే దశగా చెప్పారు. ఒకటి రెండింటి మీద దృష్టి నిలపడం ఆ తర్వాతి దశ. అన్నిటికీ ఇది వర్తించదు. కోనేరు హంపి గారికి తండ్రి అశోక్ చిన్నప్పుడే చెస్ నేర్పారు, 2002లో పదిహేనేళ్లకే ఆమె గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. అక్కడ పిల్లకూ తండ్రికీ ఒకే ఆట మీద ప్రాణం. అది చూసి మిగతా ఇళ్లలో ఐదేళ్ల పిల్లల్ని ఒక్కదానికే కట్టేస్తే అందరికీ అలా కుదరదు.

నేను చూసేది మాత్రం ఒకటుంది, ఎందుకు మానేశాడన్నది. విసుగొచ్చి మానేస్తే పర్వాలేదు. కష్టం మొదలవగానే ప్రతిసారీ మానేస్తుంటే దాని గురించి కూర్చుని మాట్లాడాలి.

అపోహ: ఇంటర్ రెండేళ్లు అన్నీ బంద్ పెడితేనే ర్యాంకు

నేను ఒకప్పుడు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో పాఠాలు చెప్పాను. హాస్టల్ గదుల్లో దొరికిన క్యారమ్ కాయిన్లు, స్కెచ్ పెన్నులు అన్నీ ఒక అట్టపెట్టెలో వేసి స్టాఫ్ రూమ్‌లో పెట్టేవాళ్లు. ఒక పిల్లాడు రోజూ ఏదో ఒక వంకతో వచ్చి ఆ పెట్టె వైపు చూసి వెళ్లేవాడు. వాడి మౌత్ ఆర్గాన్ అందులో ఉంది. ఆ పెట్టె ఉన్నందువల్ల ర్యాంకులు పెరిగాయని నాకెప్పుడూ అనిపించలేదు. నిద్ర పట్టని పిల్లలు, ఏడ్చే పిల్లలు మాత్రం ఎక్కువయ్యారు.

రోజుకు నలభై నిమిషాలు చాలు. టైమ్‌టేబుల్‌లో రాసి పెట్టండి, పరీక్షల ముందు వారం తగ్గించుకోండి. ఫోన్‌లో రీల్స్ చూడటాన్ని మాత్రం నేను ఈ లెక్కలో వేయను. అందులో పిల్లవాడు చేసే పని ఏమీ లేదు. రీల్ తీసి, ఎడిట్ చేసి, మాటలు రాసుకుంటున్నాడంటే అది వేరే సంగతి.

సర్టిఫికెట్ల గురించి ఒక్క మాట. ఫైలు నిండా ఉన్నా నేను చూడను. మన దగ్గర సీట్లు ఎక్కువగా ప్రవేశ పరీక్ష ర్యాంకు మీదే వస్తాయి. స్పోర్ట్స్ కోటాకు పనికొచ్చేవి మాత్రం జాగ్రత్తగా దాచుకోండి.

అపోహ: ఒకసారి ఉద్యోగంలో చేరాక ఇక ఆ ఇష్టానికి దారి మూసుకున్నట్టే

ఈ మాట పిల్లలకంటే తండ్రులే ఎక్కువగా అంటారు, అదీ తమ గురించి. వాళ్లకు సి.వి. రామన్ గారి సంగతి చెబుతాను. ఆయన చదువుకుంటూ పెరిగింది విశాఖపట్నంలో. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఏవీఎన్ కాలేజీలో గణితం, భౌతికశాస్త్రం చెప్పేవారు, ఇంట్లో వయొలిన్ వాయించేవారు. సైన్సు పుస్తకాలూ, తీగల మీద నాదమూ ఆ పిల్లవాడికి ఒకే ఇంట్లో దొరికాయి. 1907లో ఆర్థిక శాఖ ఉద్యోగంలో చేరి కలకత్తా వెళ్లారు. అది లెక్కల ఆఫీసు. పొద్దున ఆఫీసుకు ముందు, సాయంత్రం ఆఫీసు అయ్యాక బౌబజార్ వీధిలోని సైన్సు సంఘం ల్యాబ్‌కు వెళ్లేవారు. మధ్యలో రంగూన్, నాగపూర్ బదిలీలు వచ్చినా పరిశోధన మానలేదు. వయొలిన్ తీగ ఎలా కంపిస్తుందో ఆయన ఏళ్ల తరబడి పరిశోధించారు. మృదంగం, తబలా శ్రుతిలో ఎందుకు పలుకుతాయో కూడా వివరించారు. కలకత్తా విశ్వవిద్యాలయం ఆయనకు ప్రొఫెసర్ పదవి ఇచ్చింది. జీతం బాగా తక్కువ. అయినా అలా పదేళ్లు గడిచాక, 1917లో ఆయన ఆర్థిక శాఖ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వెళ్లారు.