స్పెషల్ ఎడ్యుకేటర్‌కి హెచ్‌ఎం కుర్చీ ఎందుకు దూరమైంది?

పెద్ద పెద్ద ప్రైవేటు స్కూళ్లు ఇప్పుడు సహిత విద్య కోసం కన్సల్టెంట్లను పిలిపించుకుంటున్నాయి. ఆటిజం, డిస్లెక్సియా ఉన్న పిల్లల్ని మామూలు తరగతిలోనే ఎలా చదివించాలో ప్రిన్సిపాల్‌కీ టీచర్లకీ నేర్పడం వాళ్ల పని. మంచి మార్పే. కానీ ఇంత పని తెలిసిన స్పెషల్ ఎడ్యుకేటర్లు (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చదువు చెప్పే టీచర్లు) బయటినుంచి సలహా చెప్పేవాళ్లుగానే ఎందుకు ఉన్నారు, స్కూల్లోనే ఎదిగి హెచ్‌ఎంలు ఎందుకు కాలేకపోయారు?

ఈ పిల్లల చదువు విద్యావ్యవస్థలో విడదీయరాని భాగం కావాలని కొఠారి కమిషన్ 1966లోనే చెప్పింది. అయినా 1974లో కేంద్రం తెచ్చిన సమీకృత విద్యా పథకాన్ని సంక్షేమ శాఖ చేతిలో పెట్టారు, అది విద్యాశాఖకి వచ్చేసరికి 1982 అయింది. తర్వాత టీచర్ శిక్షణ కూడా రెండుగా చీలింది. 1992 చట్టంతో స్పెషల్ బీఈడీ భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) కిందికి, 1993 చట్టంతో మామూలు బీఈడీ జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) కిందికి వెళ్లాయి. ఒకే పిల్లాడికి చదువు చెప్పాల్సిన ఇద్దరు టీచర్లు మొదటిరోజు నుంచీ వేరే దారుల్లో నడిచారు, అసలు నష్టం ఇక్కడే జరిగిందని నా అభిప్రాయం.

చట్టాలకేం, వస్తూనే ఉన్నాయి: 1995లో వికలాంగుల చట్టం, 2009లో విద్యాహక్కు చట్టం, 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం. చివరిది వైకల్యాల జాబితాని 7 నుంచి 21కి పెంచింది. పెరిగిన పనంతా మన తెలుగు రాష్ట్రాల్లో ఈ పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాల్లోని ఐఈఆర్పీల (సహిత విద్యా రిసోర్స్ పర్సన్ల) మీద పడింది. సర్వే చేయాలి, వైకల్య ధ్రువీకరణ ఇచ్చే సదరం శిబిరానికి పిల్లల్ని తీసుకెళ్లాలి, మంచం దిగలేని పిల్లాడికి ఇంటికెళ్లి చెప్పాలి, మధ్యలో ఫిజియోథెరపీ ఏర్పాట్లు చూడాలి. ఇన్నీ చేసినా ఉద్యోగం మాత్రం కాంట్రాక్టే, రెగ్యులర్ పోస్టు లేనివాళ్లకి సీనియారిటీ ఎక్కడిది, ప్రమోషన్ ఎక్కడిది?

2021 అక్టోబరులో సుప్రీంకోర్టు రజనీష్ కుమార్ పాండే కేసులో ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్ ఉండాలని చెప్పాక కదలిక వచ్చింది. తెలంగాణ 2024 డీఎస్సీలో 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టులు స్పెషల్ ఎడ్యుకేషన్‌కి కేటాయించారు. 2025లో ఆంధ్రప్రదేశ్ కూడా ఈ కేటగిరీలో రెగ్యులర్ పోస్టులు మంజూరు చేసింది.

పోస్టులొచ్చాయి, సంతోషం. ఇక దృష్టి పెట్టాల్సింది పైమెట్టు మీద. వీల్‌చైర్‌లో వచ్చే పిల్ల ఉంటే ఆ తరగతిని కింది అంతస్తుకి మార్చాలా, పరీక్షలో రాయడానికి సహాయకుణ్ణి ఇవ్వాలా, టైంటేబుల్లో విడి పీరియడ్ ఉంచాలా, ఇవన్నీ తేల్చేది హెచ్‌ఎమ్మే. ఆ హెచ్‌ఎంకి బీఈడీలో ఈ విషయం మీద ఒక పేపర్ ఉంటే ఎక్కువ. కొత్తగా చేరుతున్న స్పెషల్ స్కూల్ అసిస్టెంట్లకి హెచ్‌ఎం ప్రమోషన్లో మిగతావాళ్లతో సమానంగా అవకాశం ఉండాలి, ఆ నిబంధన ఇప్పుడే స్పష్టంగా రాసిపెట్టాలి. ఉపాధ్యాయ సంఘాలు ఈ డిమాండుని తమ ఎజెండాలో చేర్చాలి.