వ్యాయామం మధ్యలో ఆగిపోయినప్పుడు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

కొన్నాళ్లు క్రమం తప్పకుండా పరుగెత్తి, పరీక్షల వల్ల నాలుగు రోజులు మానేశాక మళ్లీ వెళ్లబుద్ధి కావడం లేదని మొన్న ఫోనులో మీలో ఒకరు అన్నారు. అది బద్ధకమని నేను అనుకోవడం లేదు. ఆ నాలుగు రోజుల వల్ల శరీరానికి కలిగిన నష్టం స్వల్పమే. "ఎలాగూ మానేశాను కదా, ఇంకెందుకు" అని మనసు ఇచ్చే తీర్పు మాత్రం మనిషిని నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టగలదు.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మంది చేత తలా ఒక కొత్త అలవాటు మొదలుపెట్టించి 12 వారాలు గమనించారు. ప్రత్యేకంగా తలచుకోకుండానే ఆ పని జరిగిపోయే స్థితి రావడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు పడుతుందని, మధ్యస్థంగా అది 66 రోజులని 2009లో వెలువడిన ఆ అధ్యయనంలో, ఆ 12 వారాల తీరును బట్టి ముందుకు అంచనా వేసి లెక్కగట్టారు. తిండికీ పానీయాలకూ సంబంధించిన అలవాట్ల కంటే వ్యాయామం కుదురుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది. కనుక 21 రోజుల్లో ఏ అలవాటైనా అబ్బుతుందనే ప్రచారాన్ని నమ్మి, నెల గడిచినా కష్టంగానే ఉందని మిమ్మల్ని మీరు నిందించుకోకండి. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడడానికి చెప్పుకోదగ్గ ఆటంకమేమీ కలగలేదని కూడా వారు గమనించారు. మీకు ఈ ఉత్తరం రాయాలనిపించింది ముఖ్యంగా ఆ మాట చెప్పడానికే.

తెల్లవారుజామున దుప్పటిలో పడుకుని వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తే, ఆ వాదనలో దుప్పటే గెలుస్తుంది. "రేపు వెళ్తాను" అనే సంకల్పం కంటే "పాల ప్యాకెట్టు లోపల పెట్టగానే బూట్లు వేసుకుంటాను" అని ఒక పనికి మరో పనిని ముడివేసిన నిర్ణయం ఎక్కువగా నెరవేరుతుందని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనల్లో తేలింది. రాత్రే సాక్సులను బూట్లలో దూర్చి గుమ్మం పక్కన పెట్టుకోండి.

తిరిగి మొదలుపెట్టిన రోజునే పాత వేగం అందుకోవాలని రొప్పుతూ పరుగెత్తవద్దు. మనసు ఆ బాధనే గుర్తుంచుకుని మర్నాడు మొరాయిస్తుంది. పక్కవారితో మాట్లాడగలిగినంత వేగం చాలు. మీ వయసు వారికి రోజుకు 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది వారం మొత్తం మీద సగటుగానే; సాయంత్రం ఆడే కబడ్డీ, బడికి తొక్కే సైకిలు కూడా అందులోకే వస్తాయి. రేపు పది నిమిషాలు నడిచి, ఎలా ఉందో నాకు రాయండి.

మీ తాతయ్య