రంపం మిషన్‌కి పోస్టుమార్టం

మెకానిక్ తన బల్ల మీద రెండు పిస్టన్లు పక్కపక్కన పెట్టాడు. ఒకటి మా బాబాయి చైన్ సాతో (పెట్రోలుతో నడిచే గొలుసు రంపం) పాటు కంపెనీ నుంచి వచ్చింది. రెండోది, అది సిలిండర్‌లో బిగుసుకుపోయి పట్టేశాక వేరే షాపులో వేయించిన లోకల్ మాల్. మొదటిది నాలుగేళ్లు బతికింది, రెండోది ఇరవై రోజులు. రెండింటికీ ఒకే చోట, సైలెన్సర్ వైపు మాత్రమే, పిల్లి గోళ్లతో గీరినట్టు నిలువు చారలు. అవతలి వైపు తిప్పి చూస్తే రెండూ నున్నగా మెరుస్తున్నాయి.

"కొత్తది ఎక్కించడం ఎంతసేపు బావూ! ముందు ఇదెందుకు సచ్చిందో సూడాల గదా" అన్నాడు.

పలాస దగ్గర, ఉద్దానంలో జరిగిన మాట ఇది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేశాక ఆ పక్క రైతులకి చైన్ సా విలువ బాగా తెలిసొచ్చింది. మా బాబాయి కూడా అప్పుడే ఒకటి కొన్నాడు. అది ఆగిపోయినప్పుడు మొదటి షాపతను బోరు (పిస్టన్ ఆడే సిలిండర్), పిస్టన్ సెట్టు మార్చి ఇచ్చేశాడు. ఇరవై రోజులకి మళ్లీ తాడు లాగితే రాలేదు. "డూప్లికేట్ పార్టు, ఇంతే మరి" అని ఊరంతా తీర్పు చెప్పేసింది. నేనూ అదే అనుకున్నాను. కానీ రెండు పిస్టన్ల మీదా అదే గాయం ఉంటే, రెండింటినీ చంపింది ఒకటే అని కదా అర్థం?

స్కూటర్ల కాలం నాటి టూ స్ట్రోక్ ఇంజనే చైన్ సాలోనూ ఉంటుంది. దీనికి కారులో మాదిరి విడిగా ఆయిల్ తొట్టి ఉండదు. పెట్రోల్లో కలిపే టూటీ ఆయిలే దిక్కు. చాలా మిషన్లకి లీటరుకి 20 మిల్లీలీటర్లు, అంటే 50కి 1 పాలు. ఇక రెండో విశేషం, పిస్టన్ కింద ఉండే క్రాంక్ గది. పిస్టన్ కదలికని గుండ్రంగా తిప్పే ఇరుసే క్రాంక్. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు ఆ గదిలో ఖాళీ ఏర్పడి కార్బురేటర్ నుంచి పెట్రోలు, గాలి, ఆయిలు కలిసిన మిశ్రమాన్ని లోపలికి పీలుస్తుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు ఆ మిశ్రమమే నొక్కుకుని పక్క దారుల గుండా పైకి, మంట దగ్గరికి పోతుంది. కొలిమి తిత్తిలాంటిదన్నమాట. తిత్తికి చిల్లు పడితే ఏమవుతుంది?

క్రాంక్ రెండు చివర్లా రూపాయి బిళ్లంత రబ్బరు ఆయిల్ సీళ్లు ఉంటాయి. వేడికి, వయసుకి ఆ రబ్బరు గట్టిపడి పెదవి విడిస్తే, పీల్చిన ప్రతిసారీ అటు నుంచి దొంగగాలి చొరబడుతుంది. ఆ గాలి కార్బురేటర్ గుండా రాలేదు కాబట్టి దాని వెంట పెట్రోలూ లేదు, ఆయిలూ లేదు. మిశ్రమం పలచబడుతుంది. పెట్రోలు ఆవిరవుతూ పిస్టన్‌ని కాస్త చల్లబరచాలి, ఆ చల్లదనం తగ్గుతుంది. ఆయిల్ పొర కూడా సన్నగిల్లుతుంది. తమాషా ఏమిటంటే ఈ దశలో మిషన్ కీచుమంటూ ఇంకా హుషారుగా తిరుగుతుంది. బాబాయి కూడా "ఆ వారం భలే లాగిందిరా" అని మురిసిపోయాడు. అది జ్వరంలో వచ్చే పలవరింత.

లెక్క చిన్నదే. అల్యూమినియం పిస్టన్ ఒక్కో డిగ్రీ వేడికి తన కొలతలో పది లక్షల్లో సుమారు 20 వంతులు సాగుతుంది. 45 మిల్లీమీటర్ల పిస్టన్ 200 డిగ్రీలు అదనంగా వేడెక్కితే 0.18 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య ఉండే సందు వెంట్రుక మందమంత. సిలిండరూ సాగుతుంది గానీ, దానికి బయట రెక్కలున్నాయి, ఫ్యాన్ గాలి తగులుతుంది. పిస్టన్‌కి ఆ సుఖం లేదు. అందులోనూ కాలిన వాయువు బయటికి దూసుకుపోయేది సైలెన్సర్ వైపు నుంచి. ఆ వైపే ముందు ఉబ్బి, గోడకి రాసుకుని, అల్యూమినియం వెన్నలా పూసుకుపోతుంది.

అందుకే చారలు ఎక్కడున్నాయో చూడాలి. ఒక్క సైలెన్సర్ వైపే ఉంటే వేడి, పలచని మిశ్రమం. చుట్టూరా ఉంటే ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోలు పోశారని. కార్బురేటర్ వైపు ఒరుసుకుపోయి మసకగా ఉంటే ఫిల్టర్ దాటి దుమ్ము పోయిందని. పిస్టన్ అబద్ధం ఆడదు, యజమానులే ఆడతారు, అని మెకానిక్ నవ్వాడు. ఆయిల్ కలపడం మర్చిపోయానని ఇంతవరకూ ఒక్కరూ ఒప్పుకోలేదట.

దొంగగాలి ఎటు నుంచి వస్తోందో కనిపెట్టడానికి అతను తీసిన పనిముట్టు చూసి నాకు నోట మాట రాలేదు. డాక్టర్లు బీపీ చూసే రబ్బరు బంతి, ముల్లు డయల్. సైలెన్సర్ దారినీ, కార్బురేటర్ దారినీ సైకిల్ ట్యూబు ముక్కలు బిగించి మూశాడు. పిస్టన్‌ని కిందికి దించి, ప్లగ్గు రంధ్రంలో బిరడా పెట్టి గాలి కొట్టాడు. ముల్లు 250కి చేరింది. అంటే 250 మిల్లీమీటర్ల పాదరసం, వాతావరణ పీడనంలో మూడో వంతు. బాగున్న ఇంజన్‌లో ముల్లు అక్కడే నిలబడాలి. ఇక్కడ పది లెక్కపెట్టేలోపు వందకి జారింది. సీలుకి అడ్డున్న క్లచ్ విప్పి (దానికి రివర్స్ మర, తెలియక మామూలుగా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది) సబ్బు నీళ్లు రాస్తే సీలు అంచున బుడగలు బుసబుసా పొంగాయి. ఆ మిషన్‌లో అన్నిటికంటే చవకైన పార్టుల్లో అదొకటి. మొదటి షాపతను అది చూడకుండా, దానికి ఎన్నో రెట్లు ఖరీదున్న సెట్టు వేశాడు.

బాబాయికి ఏదీ పారేసే అలవాటు లేకపోవడం ఇక్కడ కలిసొచ్చింది. కంపెనీ సిలిండర్ ఇంకా పాత మేకుల డబ్బాలోనే ఉంది. చూస్తే గోడంతా బూడిదరంగు గీతలు, పనికిరాదనే అనిపిస్తుంది. కానీ చైన్ సా సిలిండర్ అల్యూమినియమే అయినా దాని లోపలి గోడకి గట్టి పూత ఉంటుంది. కొన్నిటికి క్రోమియం, కొన్నిటికి నికాసిల్. నికాసిల్ అంటే నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపిన పూత. 1967లో జర్మనీ కంపెనీ మాలే దీన్ని వాంకెల్ (రోటరీ) ఇంజన్ల కోసం తయారుచేసింది. సిలికాన్ కార్బైడ్ అంటే సాన రాళ్లలో వాడే పదార్థం. మెత్తటి అల్యూమినియం దాన్ని గీయలేదు, దానికి అంటుకుంటుందంతే. గోరు పెట్టి గీస్తే గోరు దిగబడకపోతే, కనిపించే మచ్చ గాయం కాదు, మురికి.

మురికిని వదిలించేది రసాయనమే. చాలామంది బాత్‌రూమ్ యాసిడ్ వాడతారు. అది నికెల్ జోలికి అంతగా పోదు గానీ క్రోమియాన్ని తినేస్తుంది. ఏ పూతో తెలియనప్పుడు కాస్టిక్ సోడా నీళ్లు మేలు, అది రెండింటినీ వదిలేసి అల్యూమినియాన్నే పట్టుకుంటుంది. మెకానిక్ కళ్లద్దాలు, గ్లౌజులు వేసుకుని, షాపు బయట ఆరుబయట కూర్చుని, చెవిలో పెట్టుకునే దూది పుల్లతో మచ్చల మీద మాత్రమే అద్దాడు. సన్నగా నురగ లేచింది. అది హైడ్రోజన్, కాబట్టి దగ్గర్లో బీడీ కూడా ఉండకూడదు. గాలి దారుల అంచుల దగ్గర పూత లేని అల్యూమినియం ఉంటుంది, అక్కడ చుక్క పడితే సిలిండరే కరిగిపోతుంది. నురగ ఆగాక కడిగి, సన్నటి ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్దితే లోపల అద్దంలా తేలింది. పాత సిలిండర్‌లోకి మళ్లీ ఇంకో చవక పిస్టనే వేశాం, ఈసారి కొత్త సీళ్లతో.

చవక పిస్టన్‌ని డబ్బాలోంచి తీసి నేరుగా దూర్చేయకూడదు. పిస్టన్ చుట్టూ ఉండే కొసలు కలవని లోహపు రింగుని ఒక్కదాన్నే సిలిండర్‌లో పెట్టి దాని కొసల మధ్య సందు కొలవాలి. 45 మిల్లీమీటర్ల బోరుకి, అంటే సిలిండర్ లోపలి వెడల్పుకి, 0.2 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉండాలి. మరీ తక్కువైతే వేడికి కొసలు ఢీకొని విరుగుతాయి. పిస్టన్ పిన్నుని ఆపే తీగ రింగు, సర్‌క్లిప్, మాత్రం కంపెనీదే కొనమన్నాడు. అది ఊడితే సిలిండర్‌ని లోపల్నుంచి ఉలిలా చెక్కేస్తుంది. తర్వాత ప్లగ్గు రంధ్రంలోంచి టంకం తీగ దూర్చి, క్రాంక్ చివరనున్న చక్రం, అంటే ఫ్లైవీల్‌ని ఒక చుట్టు తిప్పాడు. నలిగిన తీగ మందం అర మిల్లీమీటరు దగ్గర వచ్చింది. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు సిలిండర్ కప్పుకి మిగిలే దూరం అదే. ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్‌కీ ఫ్లైవీల్‌కీ మధ్య సందుకి విజిటింగ్ కార్డు పెట్టాడు. షాపు అడ్రసుకి అంతకంటే మంచి ఉపయోగం నేను చూడలేదు.

అమెరికా, యూరప్‌లలో ఈ చవక పార్టుల వ్యవహారం ఇంకో మెట్టు పైకి పోయింది. జర్మనీ చైన్ సా కంపెనీ స్టిల్ వారి పెద్ద రంపం ఎంఎస్ 660 నమూనాలో, క్రాంక్ పెట్టె నుంచి స్క్రూ దాకా అన్నీ విడివిడిగా, చైనాకి చెందిన ఫార్మర్‌టెక్ ఒకే డబ్బాలో అమ్ముతుంది. కొన్నవాళ్లు గ్యారేజీలో కూర్చుని బిగించుకుంటారు. పేటెంటుకి ఆయుష్షు 20 ఏళ్లు, పాత డిజైన్లది అయిపోయింది. బ్రాండు పేరుకి ఆ గడువు లేదు కాబట్టి వేరే పేరుతో వస్తాయి. వాటి సిలిండర్లో 54 మిల్లీమీటర్ల బోరు, 40 మిల్లీమీటర్ల స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం). లెక్కేస్తే 91.6 సీసీ. ఈ లెక్క మన దగ్గరా పనికొస్తుంది, స్టిక్కర్ మీద సీసీని నమ్మేముందు వెర్నియర్‌తో ఒకసారి కొలుచుకోవచ్చు.

హ్యాండిల్, ట్యాంకు మూత, తాడు, ఫిల్టర్ కవరు ఎంత చవకవైనా నాకు అభ్యంతరం లేదు. చైన్ బ్రేకు దగ్గర మాత్రం బేరం ఒప్పుకోను. చైనుని తిప్పే ఏడు పళ్ల చక్రం నిమిషానికి 9,600 చుట్లు తిరిగితే, అంగుళంలో మూడెనిమిదో వంతు పిచ్ (వరస మూడు రివెట్ల మధ్య దూరంలో సగం) ఉన్న చైను సెకనుకి 21 మీటర్లు పోతుంది, గంటకి 77 కిలోమీటర్లు. చైను తిరిగే పొడవాటి రేకు (బార్) కొస ఏ కొమ్మకో తగిలి రంపం మొహం మీదికి ఎగిరితే, రెప్ప వేసేలోపు చైనుని ఆపాల్సింది బ్రేకులోని సన్నటి స్టీలు పట్టీయే.

నాలుగో లాగుకి మిషన్ అందుకుంది. మెకానిక్ స్క్రూడ్రైవర్ పెట్టి కార్బురేటర్‌ని కాస్త ఎక్కువ పెట్రోలు వైపు తిప్పాడు. పూర్తి స్పీడులో శబ్దం కీచుమనకుండా గరగరలాడింది. పెట్రోలు ఎక్కువైనప్పుడు ప్రతి చుట్టుకీ సరిగ్గా అంటుకోక వచ్చే శబ్దం అది. తర్వాత జీడి దుంగకి ఆనించాడు. బరువు పడగానే గరగర పోయి గొంతు శుభ్రమైంది, పైకి తీయగానే మళ్లీ గరగర. మూడుసార్లు అలా చేసి చూసుకుని, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు.