నివురు చేసే పని

పోయిన సంక్రాంతికి ముందు మా బావ శ్రీకాకుళంలో వాళ్ల మేడ మీద ఒక సిరామిక్ బొగ్గుల గ్రిల్ పెట్టించాడు. చూడ్డానికి పెద్ద గుడ్డులా ఉంటుంది. మందమైన మట్టి గోడలు, బరువైన మూత. అడుగున గాలి పోవడానికి పక్కకి జరిపే చిన్న తలుపు, మూత నడినెత్తిన తిప్పే బిళ్ల. మంట పెంచడానికీ తగ్గించడానికీ ఉన్నవి ఆ రెండే. జపాన్‌లో అన్నం వండే 'కమాడో' పొయ్యిలు దీనికి మూలం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడున్న అమెరికా సైనికులు అలాంటివి ఇళ్లకి పట్టుకెళ్లడంతో ఇది అటువైపు పాకింది.

కనుమ నాడు కోడికాళ్లు 120 డిగ్రీల దగ్గర నెమ్మదిగా కాల్చాలనుకున్నాం. బొగ్గులు బాగా రాజుకోవాలని రెండు కన్నాలూ బార్లా తెరిచి కబుర్లలో పడ్డాం. చూసేసరికి మూత మీది థర్మామీటరు ముల్లు 240 దాటింది. కంగారుగా రెండూ దాదాపు మూసేశాం. పావుగంట అయింది, అరగంట అయింది, ముల్లు దిగదు. గంట తర్వాత కూడా 180 దగ్గరే ఉంది. పిల్లలు ఆకలంటున్నారని అలాగే నిప్పుల మీద పెట్టేశాం. పైన మాడింది, ఎముక దగ్గర పచ్చిగా ఉండిపోయింది.

మా అత్త మెట్ల మీద కూర్చుని అంతా చూసి, "ముందే గాలి కట్టాల. పొయ్యంతా కాగిపోనాక ఏటి సేస్తావు బాబూ?" అంది.

గాలి కట్టడం, పొయ్యి కాగడం. ఈ గ్రిల్ పనితీరంతా ఆ రెండింటిలోనే ఉంది.

బొగ్గులో ఎక్కువ భాగం కార్బనే. కిలో కార్బన్ పూర్తిగా కాలాలంటే సుమారు 2.7 కిలోల ఆక్సిజన్ కావాలి. గాలి బరువులో ఆక్సిజన్ వాటా 23 శాతమే కాబట్టి, అందుకు 11 కిలోలకు పైగా గాలి లోపలికి పోవాలి. అంటే దాదాపు 10 ఘనపు మీటర్లు, ఒక చిన్న వంటగది నిండా పట్టేంత. ఆ గాలంతా అడుగున ఉన్న ఆ చిన్న తలుపులోంచే రావాలి. లోపల బొగ్గులు ఎన్నయినా ఉండనీ, వచ్చిన గాలికి సరిపడా మాత్రమే కాలుతాయి. అందుకే ఈ గ్రిల్‌లో బొగ్గులు కొలిచి పొయ్యరు. నిండా పోసి, గాలిని కొలుస్తారు.

ఇది మనకి కొత్త విద్య కాదు. అగ్గిపెట్టె ఖర్చని మా నానమ్మ రాత్రి వంటయ్యాక నిప్పుల మీద బూడిద కప్పి పడుకునేది. పొద్దున్నే ఆ నివురు తోసి ఊదుగొట్టంతో రెండుసార్లు ఊదితే ఎర్రటి కణిక కళ్లు తెరిచేది. బూడిద పొరలోంచి ఆక్సిజన్ చాలా నెమ్మదిగా దిగుతుంది, అదే పొర నిప్పు వేడిని బయటికి పోనివ్వదు. కాబట్టి కణిక ఆరిపోదు, మండిపోదు. 'నివురుగప్పిన నిప్పు' అని ఇవాళ మనుషుల కోపం గురించి అంటున్నాం గానీ, ఆ మాట పుట్టింది పొయ్యి దగ్గరే. దాలి కూడా అంతే. గుంటలో పిడకలు సన్నగా రాజుకుంటుంటే పైన పాలకుండ సాయంత్రం దాకా కాగి, మీగడ ఎర్రగా కట్టేది.

మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర ఇప్పటికీ బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఉంది. ఈమధ్య పని కట్టుకుని కాసేపు నిలబడి చూశాను. బొగ్గులు వేశాక ఆయన పెట్టెని గాలి వచ్చే వైపుకి తిప్పి, పక్కనున్న కన్నాలకి గాలి సూటిగా తగిలేలా ఇటుక మీద పెట్టాడు. రెండు నిమిషాల్లో కన్నాల వెనక నలుపు పోయి నారింజ రంగు వచ్చింది. పట్టుచీర తీసేముందు మాత్రం పెట్టెని గాలికి అడ్డంగా తిప్పి, నిప్పుల మీద బూడిద పడేలా ఒకసారి కుదిపాడు. చేతిలో థర్మామీటరు లేదు. గాలి దిక్కు, బూడిద, ఆ రెండే.

గ్రిల్‌లో ఇంకో చిక్కుంది. 30 డిగ్రీల గాలి ఘనపు మీటరుకి 1.16 కిలోలు తూగితే, 120 డిగ్రీల గాలి 0.9 కిలోలే తూగుతుంది. తేలికైన ఆ వేడిగాలి పై కన్నంలోంచి ఎగిసిపోతుంటే, కింది కన్నం కొత్త గాలిని లాక్కుంటుంది. వేడి పెరిగేకొద్దీ లాగుడు పెరుగుతుంది, లాగుడు పెరిగేకొద్దీ మంట పెరుగుతుంది. కన్నాలు తెరిచి వదిలేస్తే తనంతట తాను ఎగబాకేది అందుకే. మేం కబుర్లాడుకున్న ఆ కాసేపట్లో జరిగింది ఇదే.

ఇక మట్టి సంగతి. ఈ గ్రిల్ గోడలూ మూతా కలిపి 60 కిలోలు అనుకుందాం. వాటిని 100 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 54 లక్షల జౌళ్ల శక్తి కావాలి. అది 180 గ్రాముల బొగ్గు పూర్తిగా కాలితే వచ్చే వేడి. 15 కిలోల ఇనప డ్రమ్ముతో చేసిన గ్రిల్‌కి అయితే పాతిక గ్రాముల బొగ్గు చాలు. ఇనుము త్వరగా కాగి త్వరగా చల్లారుతుంది. మట్టి ఆలస్యంగా కాగుతుంది, మింగిన వేడిని గంటల తరబడి లోపలికి వదులుతూనే ఉంటుంది. దాని ఉష్ణవాహకత ఉక్కు కంటే పదుల రెట్లు తక్కువ, కాబట్టి బయటికి పోయేదీ తక్కువే. ఒకసారి 120 దగ్గర నిలబెడితే ఈదురుగాలి వీచినా ముల్లు కదలకపోవడానికి కారణం అదే, 240కి వెళ్లాక దిగకపోవడానికీ అదే కారణం.

కాబట్టి కింద నుంచే ఎక్కాలి. రెండోసారి మూడు నాలుగు కణికలు మాత్రం అంటించాం. ముల్లు 80కి రాగానే కింది తలుపు వేలెడు సందుకి తెచ్చాం, 95 దగ్గర పై బిళ్ల సగానికి పైగా మూశాం. ఒక్కో మార్పు తర్వాత పది పదిహేను నిమిషాలు చెయ్యి పెట్టలేదు. అసలు కష్టం ఆ ఆగడమే. ముల్లు 118 దగ్గర నిలబడింది. నిప్పులకీ కోడికాళ్లకీ మధ్య ఒక మట్టిపలక కూడా అడ్డం పెట్టాం. నిప్పుల సెగ సూటిగా తగలకుండా, గోడల వేడికీ గాలి వేడికీ మాంసం నెమ్మదిగా ఉడికింది. లోపల గాలి పారుదల తక్కువ కాబట్టి తడీ ఆరిపోలేదు.

రెండు ప్రమాదాలు మాత్రం తప్పక చెప్పాలి. గాలి అందక మగ్గుతున్న నిప్పు మీద కార్బన్ మోనాక్సైడ్ లాంటి మండే వాయువులు పేరుకుంటాయి. మూత ఒక్కసారిగా ఎత్తితే ఆక్సిజన్ దూసుకొచ్చి మంట ముఖం మీదికి లేస్తుంది. ముందు రెండు వేళ్లంత ఎత్తి, కొన్ని క్షణాలు ఊపిరి పీల్చుకోనిచ్చి అప్పుడు తెరవాలి. రెండోది ఇంకా పెద్దది. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. గ్రిల్ అయినా, బాలింత గదిలో చలికి పెట్టే కుంపటి అయినా, తలుపులు మూసిన గదిలో బొగ్గులు ఉండనే కూడదు. ఆ అలవాటు ఎవరింట్లో మిగిలి ఉన్నా దయచేసి మాన్పించండి.

పలాస వైపు వాళ్లకి జీడిపిక్కల తొక్కలు చేతికి అందుతాయి గానీ, వాటిలోని నూనె చర్మాన్ని పొక్కిస్తుంది. ఆ పొగ తిండికి తగలకూడదు, సరుగుడు బొగ్గు చాలు. వానాకాలంలో తడి పీల్చిన గ్రిల్‌ని మొదటిసారి సన్నసెగ మీదే కాగనివ్వాలి. మట్టిలోని నీరు ఒక్కసారి ఆవిరైతే గోడ పగులుతుంది. కుమ్మరి కుండల్ని బాగా ఆరబెట్టాకే ఆవంలో పేర్చేది ఇందుకే. ఆర్పడానికీ నీళ్లు పొయ్యకూడదు. రెండు కన్నాలూ మూస్తే నిప్పు తనంతట తానే ఆరిపోతుంది, మిగిలిన బొగ్గు మళ్లీ పనికొస్తుంది.

ఆ రాత్రి అలాగే అన్నీ మూస్తుంటే అత్త ఆగమని, నాలుగు చిలగడదుంపలు పలక మీద పెట్టి మూత వేయించింది. మంట లేకుండా ఇవి ఉడుకుతాయా అని బావ అడిగాడు. ఆవిడ గోడ మీద చెయ్యి ఆనించి చూసి కిందికి దిగిపోయింది. పొద్దున్న మూత తీస్తే బొగ్గులు నల్లగా, చల్లగా ఉన్నాయి. గోడలు మాత్రం ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. దుంపలు వేలితో నొక్కితే లోపలికి దిగేంత మెత్తగా ఉడికాయి.